కళ్లారా చూసినవాళ్ల సాక్ష్యం

1783 ఆగస్టు 18. రాత్రి తొమ్మిదింబావు. ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో, ఆరుబయట మిద్దె మీద కొందరు మిత్రులు నిలబడి ఉన్నారు. వాళ్లలో టిబేరియస్ కవాలో ఒకడు. పుట్టింది ఇటలీలో, స్థిరపడింది ఇంగ్లండ్‌లో. విద్యుత్తు మీద ప్రయోగాలు చేసి పేరు తెచ్చుకున్నాడు గానీ ఆకాశ పరిశోధన ఆయన వృత్తి కాదు. ఉత్తరాన దిగంతానికి కాస్త పైన ఒక మబ్బుతునక. దాని కింద నీలిరంగు వెలుగొకటి పుట్టింది. చూస్తుండగానే గుండ్రటి ముద్దై, కళ్లు చెదిరే కాంతితో తూర్పు వైపు సాగింది. ఆ వెలుగులో నేల మీది వస్తువులన్నీ స్పష్టంగా కనిపించాయి. దారిలో ఆ ముద్ద చిన్నచిన్న ముక్కలుగా విడిపోయింది. ఒక్కో ముక్కకూ ఒక్కో తోక. అర నిమిషంలో అంతా అయిపోయింది.

వెలుగు మాయమైన సుమారు పది నిమిషాలకు ఎక్కడో దూరాన ఉరిమినట్టు ఒక మోత వినిపించింది. కవాలో ఆ పది నిమిషాలను పట్టుకున్నాడు. ఆ మోత ఆ ముద్ద పగిలినప్పటిదే అయితే, శబ్దం వేగం తెలిసిందే కాబట్టి అది పగిలిన చోటు ఎంత దూరమో చెప్పొచ్చు. లెక్క కడితే 130 మైళ్లు వచ్చింది, అంటే 200 కిలోమీటర్ల పైమాటే. ఆకాశంలో అది ఎంత ఎత్తు కోణంలో కనిపించిందో ఆయన గమనించే ఉన్నాడు. దూరం, కోణం తెలిస్తే ఎత్తు తెలిసినట్టే. దాదాపు 90 కిలోమీటర్లు.

ఈ 90 అనే సంఖ్య ఆ రోజుల్లో ఎంత పెద్ద మాటో ఒక్కసారి ఆలోచించండి. రాలే చుక్కలంటే నేల నుంచి లేచిన ఆవిర్లు గాలిలో అంటుకుని మండడమేనని, అవీ మెరుపుల్లాంటివేనని చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్న కాలమది. వానమబ్బులు పది పన్నెండు కిలోమీటర్లు దాటి పైకి పోవడమే అరుదు. అంతకు ఎన్నో రెట్లు ఎత్తున మండుతున్నది ఏమిటి? మరుసటి ఏడాది చార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు స్కాట్లండ్ నుంచి ఫ్రాన్స్ దాకా ఈ అగ్నిగోళాన్ని చూసినవాళ్ల వివరాలన్నీ పోగేసి రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. ఎత్తు కవాలో చెప్పినంతే తేలింది. వేగం మాత్రం ఫిరంగి గుండ్ల వేగాలకు అలవాటుపడ్డ ఆ కాలానికి నమ్మశక్యం కానిది. అది ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గర బ్లాగ్డెన్ తప్పటడుగు వేశాడు. ఇదంతా విద్యుత్తు మహిమ అన్నాడు. కానీ ఆయన పోగేసిన సాక్ష్యాలు ఆయన సిద్ధాంతం కన్నా ఎక్కువ కాలం నిలిచాయి.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. అగ్నిగోళం విషయంలో దారిన పోతూ తలెత్తి చూసిన మనిషి వట్టి ప్రేక్షకుడు కాదు, సాక్షి. దుర్భిణి పెట్టుకుని ఎదురు చూస్తే కనిపించేది కాదిది. ఎప్పుడు, ఎక్కడ వస్తుందో దాదాపుగా ఎవరికీ తెలియదు. వచ్చి నాలుగైదు సెకన్లుండి పోతుంది. ఆ క్షణాన అటు చూస్తున్నది ఎవరైతే వాళ్లే పరిశోధకులు.

మామూలు ఉల్కలకు కారణం చాలావరకు ఇసుక రేణువంత తునకలు. శుక్రుడి కన్నా, అంటే మన వేగుచుక్క కన్నా కాంతిమంతంగా వెలిగిన ఉల్కను అగ్నిగోళం అంటారు. దానికి గులకరాయి నుంచి బండరాయి దాకా ఎంతటిదైనా కారణం కావచ్చు. ఇవి సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకొస్తాయి. సెకనుకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చే కిలో రాయి తనతో మోసుకొచ్చే శక్తి, సుమారు 48 కిలోల టీఎన్‌టీ పేలితే వెలువడే శక్తికి సమానం. గాలి రాపిడికే రాయి మండుతుందని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. అసలు పని చేసేది రాయి ముందున్న గాలి. పక్కకు తప్పుకునే వ్యవధి లేక అది ఒక్కసారిగా నలిగి వేల డిగ్రీలకు కాగిపోతుంది. ఆ వేడికి రాయి పైపొర కరిగి, ఆవిరై, వెనక్కి కొట్టుకుపోతుంది. మనకు కనిపించే వెలుగు ఆ ఆవిరిది, చుట్టూ కాగిన గాలిది. రాయిలోని సోడియం పసుపు రంగునిస్తే మెగ్నీషియం నీలం కలిసిన ఆకుపచ్చనిస్తుంది. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ ఎర్రదనాన్ని కలుపుతాయి. అందుకే ఒకే అగ్నిగోళాన్ని ఒకరు పచ్చగా ఉందంటారు, ఇంకొకరు నారింజ రంగంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు.

రాయి పెద్దదై, నెమ్మదిగా వచ్చి ఉంటే కొంత మిగులుతుంది. వేగం సెకనుకు మూడు నాలుగు కిలోమీటర్లకు పడిపోయేసరికి వెలుగు ఆరిపోతుంది. అప్పటికి అది ఇంకా ఇరవై ముప్ఫై కిలోమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అక్కడి నుంచి చీకట్లో, గాలివాటుకు కొట్టుకుంటూ, కొన్ని నిమిషాలపాటు మామూలు రాయి పడ్డట్టే పడుతుంది. నేలను తాకేటప్పుడు నిప్పుకణికలా ఉంటుందనుకోవడం పొరపాటు. కరిగిన పొర పైపైనే కొట్టుకుపోతుంది, లోపల అంతరిక్షపు చలి అలాగే ఉంటుంది. మిగిలేది గోరు మందం కూడా లేని నల్లటి పెంకు మాత్రమే. గడ్డివాము అంటుకుంది, పొలం తగలబడింది అన్న వార్తలు వచ్చినప్పుడు కారణం వేరే చోట వెతకడం మంచిది.

అగ్నిగోళాన్ని చూసిన ప్రతి ఊళ్లోనూ ఒకే మాట వినిపిస్తుంది. "అదిగో, ఆ చెరువు అవతలే పడింది." పక్క ఊరివాళ్లు తమ గుట్ట వెనక పడిందంటారు. ఎవరూ అబద్ధమాడటం లేదు. కంటికి దూరం కొలిచే శక్తి కొన్ని వందల మీటర్లతో సరి. ఆ తర్వాత చెట్టుకొమ్మ, కొండ అంచు, మండే గోళం అన్నీ ఒకే తెర మీద బొమ్మలు. 30 కిలోమీటర్ల ఎత్తున వెలుగు ఆరిపోయిన గోళం మీకు దిగంతానికి పది డిగ్రీల ఎత్తులో కనిపించిందంటే, అది మీకు 170 కిలోమీటర్ల దూరంలో ఉందన్నమాట. ఒంగోలులో చెట్ల మీదుగా దిగిపోయినట్టు కనిపించింది ఏలూరు మీద ఆరిపోయి ఉండొచ్చు.

ఈ చిక్కును విప్పేది రెండో సాక్షి. ఒక అగ్నిగోళం విజయవాడలో ఉన్నవాళ్లకు సరిగ్గా నడినెత్తిన మెరిసిందనుకుందాం. ఎత్తు 80 కిలోమీటర్లు. అదే మెరుపు, సూటి గీతలో సుమారు 130 కిలోమీటర్ల దూరాన ఉన్న ఒంగోలులో ఈశాన్యం వైపు ముప్ఫై డిగ్రీల పైచిలుకు ఎత్తులో కనిపిస్తుంది. ముప్ఫై కిలోమీటర్ల దూరమున్న గుంటూరులో దాదాపు డెబ్బై డిగ్రీల ఎత్తులో ఉంటుంది. లెక్కను తిరగేస్తే ఈ కోణాలే ఎత్తును రాబడతాయి. ఇద్దరు చూపిన వేళ్ల నుంచి రెండు గీతలు సాగదీస్తే అవి కలిసేచోటే గోళం ఉన్నచోటు. మొదట, చివర రెండు బిందువులూ ఇలా దొరికితే దారి మొత్తం దొరుకుతుంది. ఎంతసేపు వెలిగిందో తెలిస్తే వేగం దొరుకుతుంది. దారి, వేగం దొరికితే భూమికి తగలకముందు ఆ రాయి సూర్యుడి చుట్టూ ఏ కక్ష్యలో తిరిగేదో కూడా చెప్పవచ్చు.

సాక్ష్యాన్ని సాక్ష్యంగా చదవడం తెలిసినవాడు ఎర్నెస్ట్ క్లాడ్ని. ధ్వనిశాస్త్రంలో పేరున్న ఈ జర్మన్ శాస్త్రవేత్త మొదట చదివింది న్యాయశాస్త్రం. శతాబ్దాల తరబడి వేర్వేరు దేశాల్లో అగ్నిగోళాలను, రాళ్లు పడటాన్ని చూసినవాళ్ల కథనాలను తిరగేశాడు. ఒకరినొకరు ఎరుగని మనుషులు, వేర్వేరు భాషల్లో, వేర్వేరు కాలాల్లో అవే వివరాలు చెబుతున్నారు. ముందు వెలుగు, తర్వాత మోత, ఆపైన నల్లటి రాయి. ఇన్ని నోళ్లు కూడబలుక్కుని ఒకే అబద్ధం చెప్పలేవు. 1794లో వెలువడిన చిన్న పుస్తకంలో ఆయన తేల్చేశాడు. ఈ రాళ్లు పడేది నిజం, వచ్చేది అంతరిక్షం నుంచి, అగ్నిగోళాలు వాటి రాకే. చాలామంది పండితులు నవ్వారు. రైతుల మాటలు పట్టుకుని శాస్త్రం రాస్తారా అన్నది వాళ్ల అభ్యంతరం. ఈ ధోరణి మీద నాకు ఇప్పటికీ కోపమే. పొద్దస్తమానం ఆకాశం కింద పనిచేసేవాడి కన్నా గదిలో కూర్చున్నవాడికి ఆకాశం సంగతి ఎక్కువ తెలుసనుకోవడం అహంకారం తప్ప శాస్త్రం కాదు.

ఈ వివాదం తేలడంలో మన దేశపు రాయికీ వాటా ఉంది. 1798 డిసెంబరు 19 సాయంత్రం కాశీకి దగ్గర్లోని ఒక పల్లె మీద పెద్ద అగ్నిగోళం వెలిగి, ఉరిమి, రాళ్లు రాల్చింది. వాటిలో కొన్ని లండన్ చేరాయి. ఎడ్వర్డ్ హొవార్డ్ అనే రసాయన శాస్త్రవేత్త వాటిని ఇంగ్లండ్, ఇటలీ, బొహీమియాల్లో పడినవాటితో పోల్చి 1802లో ఫలితాలు ప్రకటించాడు. వేల మైళ్ల ఎడంలో పడిన రాళ్లు ఒకే తీరున ఉన్నాయి. వాటిలోని ఇనుములో నికెల్ ఉంది. ఆ చుట్టుపక్కల నేలల్లో దొరికే రాళ్లకు ఆ లక్షణం లేదు. మరుసటి ఏడాది, 1803 ఏప్రిల్ 26న ఫ్రాన్స్‌లోని లెగ్ల్ మీద పట్టపగలు సుమారు మూడు వేల రాళ్లు పడ్డాయి. ప్రభుత్వం ఝాన్ బాప్తిస్త్ బియో అనే యువ శాస్త్రవేత్తను విచారణకు పంపింది. ఆయన ఊరూరా తిరిగి, చూసినవాళ్లను, విన్నవాళ్లను అడిగి, రాళ్లు పడిన చోట్లను పటం మీద గుర్తుపెట్టాడు. అవన్నీ పొడవాటి కోడిగుడ్డు ఆకారంలో పరుచుకుని ఉన్నాయి. ఒక దిక్కు నుంచి ఏటవాలుగా వచ్చి పగిలినదే అలా చెదురుతుంది. దానితో పండితుల నవ్వులు ఆగాయి.

తెలుగు నేల మీదా ఉల్కాశిలలు పడ్డాయి. 1852 జనవరి 23న నెల్లూరు ప్రాంతంలో ఒక రాతి ఉల్కాశిల పడింది. మళ్లీ 1870లో, కాకతాళీయంగా అదే జనవరి 23న, అప్పటి విశాఖపట్నం జిల్లాలో నాలుగున్నర కిలోల ఇనుప ముద్ద పడింది. ఉల్కాశిలల పట్టికల్లో దాని పేరు నెడగొల్ల. ఇది మామూలు సంగతి కాదు. పడుతుండగా చూసి ఏరిన ఉల్కాశిలల్లో ఇనుపవి నూటికి నాలుగైదే. వాటిలోనూ నెడగొల్ల ఏ తెగలోనూ ఇమడని రకం.

ఇరవయ్యో శతాబ్దంలో కంటికి కెమెరా తోడైంది. 1959 ఏప్రిల్ 7 రాత్రి అప్పటి చెకొస్లొవేకియాలో ఒక అగ్నిగోళం వెలిగింది. ఉల్కల కోసమని ఆకాశం వైపు తిప్పి ఉంచిన కెమెరాలు దాన్ని ఒకటికి మించిన చోట్ల నుంచి పట్టాయి. జ్దెనెక్ చెప్లెఖ ఆ చిత్రాల నుంచి దారి లెక్కగట్టాడు. ప్రీబ్రామ్ పట్టణం దగ్గర నాలుగు రాళ్లు దొరికాయి. ఏ కక్ష్య నుంచి వచ్చిందో తెలిసి చేతికందిన మొదటి ఉల్కాశిల ఇదే. దాని కక్ష్య అంగారకుడికీ గురుడికీ మధ్యనున్న గ్రహశకలాల పట్టీ దాకా సాగింది.

ఇటీవలి కాలంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2021 ఫిబ్రవరి 28 నాటిది. ఆదివారం రాత్రి పది గంటలకు ఆరు నిమిషాల ముందు ఇంగ్లండ్ మీద నెమ్మదైన, చక్కటి అగ్నిగోళం వెలిగింది. వెయ్యి మందికి పైగా చూసి సమాచారం పంపారు. ఔత్సాహికులు తమ ఇంటి కప్పుల మీద, విశ్వవిద్యాలయాలు తమ భవనాల మీద బిగించుకున్న ఉల్కా కెమెరాలు దాన్ని పట్టాయి. వీధి తలుపు గంటల్లో అమర్చిన చిన్న కెమెరాలకూ దొరికింది. వేగం సెకనుకు సుమారు 14 కిలోమీటర్లే. అంటే రాయి మిగిలే అవకాశం ఎక్కువ. గంటల్లోనే లెక్క తేలింది. గ్లౌస్టర్‌షైర్‌లో ఫలానా ప్రాంతంవాళ్లు తమ పెరళ్లు, తోటలు వెతకాలని చెప్పారు.

వించ్‌కూంబ్ అనే చిన్న ఊళ్లో ఒక కుటుంబం తెల్లారి లేచి వాకిట్లోకి వస్తే కారు నిలిపే తారునేల మీద నల్లటి మసి మరక. చుట్టూ చిమ్మినట్టు నల్లటి తునకలు, పొడి. ఎవరో బొగ్గు ముక్కలు విసిరి పోయారేమో అనిపించేలా ఉంది. వాళ్లు ఊడ్చి పారేయలేదు. తొడుగులు వేసుకుని తునకలను, పొడిని ప్లాస్టిక్ సంచుల్లోకి ఎత్తి భద్రపరిచారు. రాయి పడి అప్పటికి పన్నెండు గంటలే. తర్వాతి రోజుల్లో వెతుకులాట సాగించిన బృందాలకు దగ్గర్లోని గొర్రెల మేతబీట్లో 152 గ్రాముల ముక్క దొరికింది. మొత్తం కలిపితే అర కిలో పైచిలుకు. పదార్థం అరుదైన కర్బన ఉల్కాశిల. నీళ్లు తగిలితే, తడిగాలి సోకినా పాడయ్యే రకం. బరువులో దాదాపు పదకొండు శాతం నీరు, ఖనిజాల్లో బంధించి ఉంది. ఆ నీటిలో మామూలు హైడ్రోజన్, భార హైడ్రోజన్ ఉన్న పాళ్లు మన సముద్రాల నీటిలోని పాళ్లకు చాలా దగ్గరగా ఉన్నాయి. భూమ్మీదికి నీరు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ఇంత శుభ్రమైన సాక్ష్యం చిక్కడం అరుదు. రెండు వానలు పడేదాకా ఆ పొడి వాకిట్లోనే ఉండి ఉంటే ఈ సంగతి తేలేది కాదు.

యూరప్‌లో ఉన్నంత దట్టమైన కెమెరాల వల మన దగ్గర లేదు. కాబట్టి మనకు కంటి సాక్ష్యం విలువ ఇంకా ఎక్కువ. మీకు అగ్నిగోళం కనిపిస్తే ముందు గడియారం చూడండి, నిలబడ్డ చోటు నుంచి కదలకండి. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆరిపోయిందో ఎదురుగా ఉన్న స్తంభంతోనో, కొబ్బరిచెట్టుతోనో, మేడ అంచుతోనో గుర్తుపెట్టుకోండి. మనవాళ్లకు దిక్కులు కొత్త కాదు. ఇల్లు ఏ ముఖంగా ఉందో, ఈశాన్యం మూల ఏదో తెలియని ఇల్లు ఉండదు. ఎత్తుకు చెయ్యే కొలబద్ద. చాచిన చేతి పిడికిలి వెడల్పు పది డిగ్రీలు, చిటికెన వేలు ఒక డిగ్రీ. జ్ఞాపకం నుంచి చెప్పమంటే దాదాపు అందరూ ఎత్తును ఎక్కువ చేసి చెబుతారు, అందుకే పిడికిళ్లతో కొలవమనడం. చుక్కలు తెలిస్తే మరీ మంచిది. గొల్లకావడికి ఎడమగా, పిల్లలకోడి కింద నుంచి అని చెప్పగలిగితే డిగ్రీలతో పనే లేదు. ఎంతసేపు వెలిగిందో మనసులో మళ్లీ నడిపించుకుంటూ లెక్కపెట్టండి. ఆ తర్వాత కనీసం ఐదు నిమిషాలు చెవులు అప్పగించండి. మోత వినిపిస్తే ఆ సమయమూ రాసుకోండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెట్టినట్టే, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ఇదంతా పక్కవాళ్లతో మాట్లాడకముందే కాగితం మీద పెట్టండి. నలుగురి మాటలు కలిస్తే ఎవరు చూసింది ఏదో మీకే తెలియకుండా పోతుంది.

వెలుగు మరీ పెద్దదైతే అద్దాల కిటికీ దగ్గర మాత్రం నిలబడకండి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద సుమారు ఇరవై మీటర్ల బండ పేలినప్పుడు, ఆ వెలుగేమిటో చూద్దామని జనం కిటికీల దగ్గరికి చేరారు. ఒకటి రెండు నిమిషాలకు పేలుడు గాలి వచ్చి అద్దాలను పగలగొట్టింది. గాయపడిన సుమారు పదిహేను వందల మందిలో ఎక్కువమందికి దెబ్బలు తగిలింది ఆ గాజు పెంకుల వల్లే.

కొందరు వెలుగుతోపాటే బుసకొట్టినట్టు, చిటపటమన్నట్టు శబ్దం విన్నామంటారు. వంద కిలోమీటర్ల దూరం నుంచి శబ్దం అప్పటికప్పుడు రాదు. 1719 నాటి అగ్నిగోళాన్ని పరిశీలించిన ఎడ్మండ్ హాలీ ఇది వట్టి భ్రమ అన్నాడు. కానీ మూడు వందల ఏళ్లుగా సాక్షులు ఆ మాట మానలేదు. 2017లో ఒక బృందం ప్రయోగాలు చేసి ఒక వివరణ ఇచ్చింది. గోళం కాంతి సెకనుకు ఎన్నోసార్లు మిణుకుతుంటే, ఆ వేడికి దగ్గర్లోని ఆకులు, వెంట్రుకలు, నల్లటి బట్టలు తమ పక్కనున్న గాలిని కాస్త కాస్త వేడెక్కించి సన్నటి శబ్దం పుట్టిస్తాయని. చర్చ ముగియలేదు. మీకు అలా వినిపిస్తే సిగ్గుపడకుండా రాయండి, పక్కన చెట్లున్నాయో లేవో కూడా రాయండి.

నెమ్మదిగా, నిమిషం దాకా, వరుసగా పోతున్న దీపాల్లా కనిపిస్తే అది ఉల్క కాకపోవచ్చు. 2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ మీదుగా అలాంటి ఊరేగింపే సాగింది. ఆదిలాబాద్ వైపు సరిహద్దుకు అవతలున్న చంద్రపూర్ జిల్లాలో మనిషి కన్నా వెడల్పైన లోహపు చక్రం పొలాల్లో పడింది. అంతకుముందు ఏడాది చైనా పైకి పంపిన రాకెట్ భాగమని నిపుణులు గుర్తించారు. కక్ష్య నుంచి జారినవి సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల లోపే వస్తాయి. నిజమైన ఉల్క పదకొండుకు తగ్గదు. ఎంతసేపు వెలిగిందో అంత పట్టుబట్టి రాసుకోమనడం ఈ తేడా కోసమే.

ఒకవేళ మీ పెరట్లోనో పొలంలోనో కొత్తగా నల్లటి పెంకున్న, అదే పరిమాణంలోని రాళ్ల కన్నా బరువైన రాయి కనిపిస్తే ముందు ఉన్నచోటే ఫొటో తీయండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తే పరిమాణం తెలుస్తుంది. ఫోన్‌లో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయండి. ఒట్టి చేత్తో ముట్టుకోకుండా శుభ్రమైన అల్యూమినియం రేకులో చుట్టి పొడిగా ఉంచండి. కడగకండి, పగలగొట్టి పంచుకోకండి. తహసీల్దారు ద్వారా భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చేర్చండి. మన దేశంలో పడిన ఉల్కాశిలలను భద్రపరిచేది ఆ సంస్థే. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇనుముందో లేదో చూద్దామని అయస్కాంతం తగిలించకండి. సౌరకుటుంబం పుట్టినప్పటి అయస్కాంత క్షేత్రం ఎలా ఉండేదో ఆ రాయిలో నాలుగున్నర వందల కోట్ల ఏళ్లుగా నమోదై ఉండొచ్చు. ఫ్రిజ్ తలుపుకు అంటించుకునే బొమ్మ వెనకున్న చిన్న అయస్కాంతం తగిలినా చాలు, దగ్గర్లోని ఆ గుర్తులు చెరిగిపోతాయి.